విరిగినా విలువ పోని పనిముట్టు
మానవుడు లోహాలను వాడుకలోకి తెచ్చుకున్న తీరు



ఉపకార వేతనాల కోసం వచ్చే పిల్లలతో మాట్లాడేటప్పుడు నేను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటాను. "మానవుడు రాతి పనిముట్లు వదిలి రాగి పనిముట్లు ఎందుకు చేసుకున్నాడు?" చాలామంది చెప్పే జవాబు ఒకటే. "రాయి కన్నా రాగి గట్టిది కాబట్టి" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది కాని ఇది సరైన జవాబు కాదు. స్వచ్ఛమైన రాగి మెత్తని లోహం. చెకుముకి రాయిని చెక్కితే వచ్చే అంచు రాగి అంచు కన్నా ఎంతో పదునుగా ఉంటుంది. మరి అంత పదునైన రాయిని విడిచి, మెత్తని రాగి కోసం మనిషి ఎందుకు అంత కష్టపడ్డాడు?

నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, అక్కడే పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలిసిన జమాఖర్చుల లెక్కలోనే ఉందని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకంలో "పాత రాతియుగం, కొత్త రాతియుగం, తామ్రయుగం, కంచుయుగం, ఇనుపయుగం" అని వరసగా బట్టీ పట్టే పిల్లలకు ఆ వరస వెనక ఉన్న కారణాలు తెలిస్తే పాఠం మరిచిపోరు. అందుకే ఈ వ్యాసం.

రాయిని తక్కువగా చూడకండి

మనిషి జాతి చేసుకున్న పనిముట్లలో ఇంతవరకు దొరికిన అతి పాతవి కెన్యా దేశంలోని లోమెక్వి అనే చోట బయటపడ్డాయి. వాటి వయస్సు సుమారు 33 లక్షల సంవత్సరాలు. లోహం వాడుక మొదలై పదివేల ఏళ్లు మాత్రమే. అంటే మన పూర్వికుల చరిత్రలో దాదాపు అంతా రాతి చరిత్రే.

మన దేశంలో రాతి పనిముట్ల పరిశోధనకు ఆద్యుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లవరంలో ఆయనకు ఒక రాతి చేతిగొడ్డలి దొరికింది. తర్వాత ఆయన మా బళ్లారి ప్రాంతంలో కూడా విస్తారంగా పరిశీలనలు చేశాడు. బళ్లారికి దగ్గరలోనే ఉన్న సంగనకల్లు గుట్టల్లో క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో రాతి గొడ్డళ్లు చేసే పెద్ద కార్ఖానా నడిచిందని తవ్వకాల్లో తేలింది. డోలరైట్ అనే నల్లరాతిని పగలగొట్టి, పెచ్చులు ఊడగొట్టి, ఆపైన బండల మీద నీళ్లు, ఇసుక పోసి నూరి నున్నగా చేసేవారు. అలా నూరగా నూరగా బండల్లో ఏర్పడిన గాడులు ఈనాటికీ ఉన్నాయి. కర్ణాటకలో ఉన్న మన పిల్లలు బడి సెలవుల్లో తప్పకుండా చూడవలసిన చోటు ఇది.

రాతికి రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది, రాతి పనిలో తీసివేతే తప్ప కూడిక లేదు. ఒక పెచ్చు ఎక్కువ ఊడితే మళ్లీ అతికించలేం. రెండవది, గొడ్డలి విరిగితే పెద్ద ముక్కతో చిన్న పనిముట్టు చేసుకోవచ్చునేమో కాని, ఆ గొడ్డలిని తిరిగి గొడ్డలిగా చేయలేం. పెట్టిన శ్రమ అంతా నష్టం ఖాతాలోకి పోతుంది.

కొలిమి లేని రోజుల్లో రాగి

మనిషి మొదట వాడిన రాగి గనిలో తవ్వి కరిగించినది కాదు. బంగారంలాగే రాగి కూడా కొన్ని చోట్ల శుద్ధమైన ముద్దలుగా నేల మీదే దొరుకుతుంది. దాన్ని ఆనాటివాళ్లు ఒక విచిత్రమైన రాయి అనుకొని ఉంటారు. మామూలు రాయిని కొడితే పగులుతుంది. ఈ రాయి మాత్రం కొడితే పగలకుండా సాగింది.

టర్కీ దేశపు ఆగ్నేయ భాగంలో చాయోను అనే పాత గ్రామం తవ్వకాల్లో క్రీ.పూ. 8000 ప్రాంతపు రాగి పూసలు, సూదుల వంటి చిన్న వస్తువులు దొరికాయి. ఇవన్నీ సహజంగా దొరికిన రాగిని కొట్టి చేసినవే. ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో క్రీ.పూ. ఆరో సహస్రాబ్దికి చెందిన ఒక సమాధిలో రాగి పూసలు దొరికాయి. వాటిలో ఒక పూస లోపల నూలు దారం పోగులు చెడకుండా మిగిలాయి. రాగి తుప్పు వాటిని కాపాడింది. మన ఉపఖండంలో పత్తి వాడుకకు అదే అతి పాత సాక్ష్యం.

ఇక్కడ ఒక చిన్న విజ్ఞానశాస్త్ర విషయం తెలుసుకోవాలి. రాగిని సుత్తితో కొడుతూ పోతే అది గట్టిపడుతుంది. మరీ కొడితే పెళుసెక్కి చీలుతుంది. అప్పుడు దాన్ని నిప్పుల్లో కాల్చితే మళ్లీ మెత్తబడుతుంది, మళ్లీ కొట్టవచ్చు. కొట్టడం, కాల్చడం, మళ్లీ కొట్టడం అనే ఈ పద్ధతిని ఆనాటివాళ్లు చేతి అనుభవంతోనే కనిపెట్టారు. ఈనాటికీ రాగి బిందెలు చేసేవాళ్ల పని ఇదే వరసలో సాగుతుంది.

ఉత్తర అమెరికాలో పెద్ద సరస్సుల ప్రాంతంలో శుద్ధమైన రాగి పుష్కలంగా దొరికేది. అక్కడి ఆదిమ ప్రజలు 9000 ఏళ్లకు పూర్వమే రాగి బల్లెపు మొనలు, కత్తులు చేసుకున్నారు. ముడి ఖనిజం కరిగించే విద్య జోలికి మాత్రం వాళ్లు పోలేదు. చేతికి అందేంత రాగి ఉన్నప్పుడు రాళ్లను కరిగించవలసిన అవసరం ఏముంటుంది?

రాతిలోంచి లోహం

అన్ని చోట్లా అలా ముద్దలు దొరకవు. కాని రాగి కలిసిన రాళ్లు చాలా చోట్ల ఉన్నాయి. వాటిలో మాలకైట్ అనే పచ్చరాయి ఒకటి. అందంగా ఉంటుంది కాబట్టి పూసలకు, రంగుకు వాడేవారు. ఆ రాతిలో రాగి, కార్బన్, ఆక్సిజన్, కొద్దిగా నీటి అంశం కలిసి ఉంటాయి. దాన్ని బొగ్గులతో కలిపి బాగా వేడి చేస్తే, గాలి చాలని మంటలో బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది రాతిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. రాగి మిగులుతుంది. పదో తరగతి రసాయన శాస్త్రంలో "క్షయకరణం" అని మీరు చదివేది ఇదే.

చెప్పినంత సులభం కాదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. వంట పొయ్యిలోని కట్టెల మంట మామూలుగా 700 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ తేడా పూడ్చడానికి మూడు కావాలి. కట్టెకు బదులు బొగ్గు, వేడి బయటికి పోకుండా మట్టి గోడ, గాలి ఊదే ఉపాయం. మొదట గొట్టాలతో నోటితో ఊదారు. తర్వాత తోలు తిత్తులు వచ్చాయి. కుండలు కాల్చే ఆవాల్లో మంటను అదుపు చేయడం అప్పటికే తెలిసి ఉండడం వల్ల కుమ్మరి విద్య ఇక్కడ తోడ్పడిందని చాలామంది పండితులు అంటారు.

ఇలా ఖనిజం కరిగించినట్టు రుజువు చూపే చోట్లలో సెర్బియా దేశంలోని బెలోవోడె ముఖ్యమైనది. అక్కడ క్రీ.పూ. 5000 ప్రాంతపు రాగి చిట్టెం దొరికింది. చిట్టెం అంటే కరిగించాక మిగిలే పనికిరాని గడ్డ. పనికిరానిదే అయినా చరిత్రకారుడికి అదే సాక్షి. రాగి గొడ్డలి ఒక ఊళ్లో తయారై వేరే ఊరికి పోవచ్చు. చిట్టెం మాత్రం కొలిమి ఉన్నచోటే పడి ఉంటుంది.

కరిగిన రాగిని మూసలో పోస్తే చాలు, కావలసిన ఆకారం వస్తుంది. ఇదే పోత పని. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి పూసి, వేడికి మైనం కారిపోయాక ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి కూడా త్వరలోనే వచ్చింది. మెహర్‌గఢ్‌లో ఆ విధంగా పోసిన సుమారు 6000 ఏళ్ల నాటి ఒక చిన్న చక్రం ఆకారపు తాయెత్తును 2016లో శాస్త్రజ్ఞులు పరీక్షించి వివరించారు. ఒడిశాలో డోక్రా పనివారు, తమిళనాట స్వామిమలై శిల్పులు ఇప్పటికీ మైనపు పోతనే నమ్ముకొని ఉన్నారు.

ఇక లెక్క చూద్దాం

మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతాను. రాగి గొడ్డలి మొద్దుబారితే కొట్టి పదును పెట్టవచ్చు. వంగితే సరిచేయవచ్చు. విరిగితే ముక్కలన్నీ మూసలో వేసి కరిగించి కొత్త గొడ్డలి పోయవచ్చు. లేదా ఆ గొడ్డలినే కొడవలిగా, ఉలిగా మార్చుకోవచ్చు. వస్తువు పోయినా సరుకు పోదు.

బ్యాంకులో బంగారు నగల మీద అప్పు ఇచ్చేటప్పుడు మేము నగ పనితనానికి విలువ కట్టేవాళ్లం కాదు. గీటురాయి మీద గీసి నాణ్యం చూసేవారు, త్రాసులో బరువు చూసేవారు, అంతే. చెవికమ్మ తెగి ఉన్నా, గొలుసు విరిగి ఉన్నా విలువ తగ్గేది కాదు. మీ ఇంట్లో పాత ఇత్తడి బిందెకు చిల్లు పడితే అమ్మ ఏం చేస్తుంది? పాత్రల కొట్టుకు తీసుకెళ్లి తూకం వేయించి, కొంత డబ్బు కలిపి కొత్తది తెస్తుంది. మట్టికుండ పగిలితే పెంకులు పెంటకుప్ప మీద పారేస్తుంది. కామర్సు విద్యార్థులు తరుగుదల లెక్కలో "అవశేష విలువ" అని చదువుతారు. రాతి పనిముట్టుకు అది దాదాపు సున్న. లోహపు పనిముట్టుకు అదే పెద్ద మొత్తం. ఇది తెలిశాక మొదటిసారిగా మనిషి చేతిలో తరతరాలకు నిలిచే మూలధనం అనేది ఒకటి ఏర్పడింది.

మార్పు ఒక్కరోజులో రాలేదు

1991 సెప్టెంబర్ 19న ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులో ఆల్ప్స్ పర్వతాల మంచులో ఒక మనిషి శవం బయటపడింది. పరీక్షించగా అతడు సుమారు 5300 ఏళ్ల నాటివాడని తేలింది. అతడికి ఓట్జీ అని పేరు పెట్టారు. అతని దగ్గర ఒక రాగి గొడ్డలి ఉంది. దాని అలుగు సుమారు 9.5 సెంటీమీటర్ల పొడవు, దాదాపు స్వచ్ఛమైన రాగి. ఆ రాగి అతడు చనిపోయిన చోటికి చాలా దూరాన, ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ఖనిజం నుంచి వచ్చిందని 2017లో తేల్చారు. అదే మనిషి దగ్గర చెకుముకి రాతి బాకు ఉంది, చెకుముకి మొనలు తొడిగిన బాణాలు ఉన్నాయి. అతడు చనిపోయినది కూడా ఎడమ భుజంలో దిగిన రాతి బాణపు మొన వల్లనే.

కాబట్టి పిల్లలూ, "రాతియుగం ముగిసింది, తామ్రయుగం మొదలైంది" అని పుస్తకంలో ఒక గీత ఉన్నా జీవితంలో అలాంటి గీత లేదు. ఏ పనికి ఏది చవకగా, అనువుగా ఉంటే అదే వాడారు. సింధు నాగరికతలో రాగి ఉలులు, రంపాలు, చేపల గాలాలు ఉన్నాయి. అదే ఇళ్లలో రోహ్రీ కొండల నుంచి తెచ్చిన రాతి బ్లేడ్లూ ఉన్నాయి.

కంచు: పదికి ఒకటి

రాగిలో తగరం కలిపితే కంచు వస్తుంది. పది పాళ్ల రాగికి ఒక పాలు తగరం అనేది మంచి కొలత. ఈ కలయికతో మూడు లాభాలు. రాగి కన్నా తక్కువ వేడికే కరుగుతుంది. మూసలో మూలమూలలకూ చక్కగా పారుతుంది. చల్లారాక రాగి కన్నా గట్టిగా ఉంటుంది. రాగి మెత్తదనం అనే లోపం ఇక్కడ తీరింది.

చిక్కు ఏమిటంటే తగరం అరుదు. రాగి గని ఉన్న చోట తగరం సాధారణంగా ఉండదు. అందుచేత కంచు కావాలంటే దూరదేశపు వ్యాపారం తప్పదు. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం ఉంది. టర్కీలోని కనేష్ అనే పాత పట్టణంలో సుమారు 23,000 మట్టి పలకలు దొరికాయి. ఇవి ఎక్కువగా క్రీ.పూ. 19వ శతాబ్దపు వ్యాపారుల ఉత్తరాలు, రుణపత్రాలు, లెక్కలు. ఇప్పటి ఇరాక్‌లోని అస్సూర్ నగరం నుంచి గాడిదల మీద తగరం, బట్టలు వేసుకొని సుమారు 1000 కిలోమీటర్లు ప్రయాణం చేసి కనేష్ చేరేవారు. ఒక గాడిద మోసే తగరం సుమారు 65 కిలోలు. అస్సూర్‌లో ఒక తులం వెండికి సుమారు 14 తులాల తగరం వస్తే, కనేష్‌లో ఒక తులం వెండికి సుమారు 7 తులాలే ఇచ్చేవారు. తులం అని మనకు అర్థం కావడానికి అన్నాను, వాళ్ల తూకం పేరు షెకెల్. అంటే సరుకు ధర దారిలో రెట్టింపయింది. అందులోంచి సుంకాలు, గాడిదల ఖర్చు, వాటాదారుల భాగం పోగా మిగిలినదే లాభం. వడ్డీ, వాయిదా, హామీ అన్నీ ఆ పలకల్లో ఉన్నాయి. ఒక గొడ్డలి అంచు గట్టిపడడానికి వెనుక ఇంత లెక్కల పని ఉందన్నమాట.

మరొక ఆధారం సముద్రంలో దొరికింది. టర్కీ దక్షిణ తీరాన ఉలుబురున్ దగ్గర ఒక మునిగిపోయిన ఓడను 1982లో స్పాంజీలు ఏరే గజ ఈతగాడు ఒకరు చూశారు. 1984 నుంచి 1994 వరకు తవ్వి తీశారు. క్రీ.పూ. 14వ శతాబ్దపు చివరి కాలపు ఓడ. అందులో సుమారు 10 టన్నుల రాగి, సుమారు ఒక టన్ను తగరం ఉన్నాయి. నిష్పత్తి చూశారా, పదికి ఒకటి. ఆ ఓడలోని సరుకు నేరుగా కంచు కొలిమికి సరిపోయే లెక్కలో ఉంది.

మన దేశంలో మొహెంజొదారోలో 1926లో దొరికిన నర్తకి బొమ్మ పది సెంటీమీటర్లు దాటి కొద్దిగా ఉంటుంది. అది మైనపు పోత పనికి పేరెన్నికగన్నది. మహారాష్ట్రలో ప్రవరా నది ఒడ్డున దైమాబాద్‌లో 1974లో రథం, ఏనుగు, ఖడ్గమృగం, ఎనుబోతు బొమ్మలు దొరికాయి. అంత బరువైన లోహపు బొమ్మలు పోయగలిగినవారి కొలిమి ఎంత పెద్దదో ఊహించండి.

ఇనుము: సామాన్యుడి లోహం

ఇనుము సంగతి తలకిందులు. ఇనుప ఖనిజం దాదాపు అన్ని దేశాల్లో ఉంది. దాన్ని లొంగదీయడమే కష్టం. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. ఆనాటి కొలుములకు అది చాలావరకు అందనిది.

అందుకే మొదట వాడిన ఇనుము ఆకాశం నుంచి పడిన ఉల్కల ఇనుము. ఈజిప్టులో గెర్జె అనే చోట దొరికిన క్రీ.పూ. 3200 ప్రాంతపు పూసలు అటువంటివే. క్రీ.పూ. 1323 ప్రాంతంలో చనిపోయిన టూటంఖామన్ రాజు మమ్మీ దగ్గర ఇనుప బాకు దొరికింది. అందులో నికెల్ సుమారు 11 శాతం ఉందని, అది ఉల్క ఇనుమేనని 2016లో ప్రకటించారు. అంటే ఆ రోజుల్లో ఇనుము రాజుల పెట్టెలో ఉండే అపురూప వస్తువు.

ఖనిజం నుంచి ఇనుము తీసే విద్య వచ్చాక కథ మారింది. సుమారు 1200 డిగ్రీల వేడిలో ఇనుము కరగదు కాని, మలినాలు కరిగి చిట్టెంగా కారుతాయి. స్పాంజిలాంటి ఇనుప ముద్ద మిగులుతుంది. దాన్ని ఎర్రగా ఉన్నప్పుడే సమ్మెటలతో బాది, లోపలి చిట్టెం వెళ్లగొట్టాలి. ఇలా వచ్చిన మెత్తని ఇనుము కంచు కన్నా అంత గొప్పది కాదు. కాని బొగ్గుల్లో చాలాసేపు ఉంచితే పైపొర కొద్దిగా కార్బన్ పీల్చుకొని ఉక్కు అవుతుంది. ఆ ఎర్రటి ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. మన కమ్మరి "పదును" పట్టడం అనేది దీన్నే.

క్రీ.పూ. 1200 తర్వాత పశ్చిమాసియాలో ఇనుము వాడుక విస్తరించింది. తగరం కోసం గాడిదల బారులు అక్కర్లేదు. దగ్గర కొండలో ఖనిజం, పక్క అడవిలో బొగ్గు ఉంటే చాలు. కంచు కత్తి దొర చేతిలో ఉండేది. ఇనుప కర్రు, గొడ్డలి, కొడవలి రైతు చేతికి వచ్చాయి. అడవి నరికి పొలం చేయడం, గట్టినేల దున్నడం సాధ్యమయ్యాయి. లోహం ఊరూరికీ చేరింది ఇనుముతోనే.

మన దక్షిణాదిలో

పరీక్షలకు పనికివచ్చే ఒక ముఖ్యమైన మాట. దక్షిణ భారతంలో వేరుగా ఒక కంచుయుగం కనిపించదు. రాగి, కంచు వస్తువులు కొన్ని ఉన్నా, స్థూలంగా కొత్త రాతియుగం నుంచి నేరుగా ఇనుపయుగంలోకి వచ్చాం. కాబట్టి "రాయి, రాగి, కంచు, ఇనుము" అనే వరస ప్రపంచమంతటికీ ఒకే మెట్లదారి అనుకోవద్దు. మా బళ్లారి జిల్లాలోనే ఒక పక్క సంగనకల్లు రాతి గొడ్డళ్ల గుట్ట, ఇంకో పక్క సండూరు ఇనుప ఖనిజపు కొండలు ఉన్నాయి.

దక్షిణాదిలో ఇనుము ఎప్పుడు మొదలైంది? కర్ణాటకలోని హల్లూరు ఆధారాలతో క్రీ.పూ. 1000 ప్రాంతమని చాలాకాలం చెప్పేవారు. తమిళనాట కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారై ఇనుముకు క్రీ.పూ. 2172 అని 2022లో ప్రకటించారు. తూత్తుకుడి జిల్లా శివగళై నుంచి క్రీ.పూ. 3345 వరకు పోయే తేదీలు వచ్చాయని 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం నివేదిక వెలువరించింది. ఈ తేదీల మీద పండితుల మధ్య చర్చ జరుగుతోంది. పరీక్షలో మీ పాఠ్యపుస్తకం చెప్పినట్లే రాయండి. కాని చరిత్ర కొత్త ఆధారంతో మారే శాస్త్రమని గుర్తుంచుకోండి.

ఉక్కు విషయంలో దక్షిణాదికి ప్రపంచఖ్యాతి ఉంది. ఇనుప ముక్కలను, కట్టెపుల్లలు, ఆకులతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, గంటల తరబడి కాల్చేవారు. ఈ మూస ఉక్కును ఐరోపావారు "వూట్జ్" అన్నారు. మన "ఉక్కు" మాటే అలా మారిందని పండితుల ఊహ. తమిళనాట ఈరోడ్ జిల్లా కొడుమణల్‌లో పాత కొలుముల, మూసల ఆనవాళ్లు దొరికాయి. తెలంగాణలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దపు తొలినాళ్లలో వాయ్సీ అనే సర్వే అధికారి రాశాడు. పేరుపొందిన డమాస్కస్ కత్తులకు ఇటువంటి ఉక్కే ముడిసరుకు.

ఆ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని ఇంగ్లండులో పరీక్షలు చేసినవారిలో మైకేల్ ఫారడే ఒకరు. 1819లో ఆయన దాన్ని విశ్లేషించి వ్యాసం ప్రచురించాడు. విద్యుత్తు పాఠంలో మీరు చదివే ఫారడేయే ఈయన. ఆయన తండ్రి కమ్మరి. ఫారడే పెద్ద చదువులు చదవలేదు, పుస్తకాలు కుట్టే దుకాణంలో పని నేర్చుకుంటూ ఆ పుస్తకాలే చదివి శాస్త్రవేత్త అయ్యాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి

కనేష్ వ్యాపారులు తమ లెక్కలు మట్టి మీద రాసుకున్నారు. కాబట్టి 3900 ఏళ్ల తర్వాత కూడా వాళ్ల గాడిద బరువెంతో మనకు తెలుసు. మన మూస ఉక్కు చేసిన కమ్మరులు ఏమీ రాసుకోలేదు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి పోయిన విద్య అది. కర్మాగారాల ఇనుము చవకగా దిగుమతి అయ్యాక కొడుకులు వేరే పనికి పోయారు, విద్య ఆగిపోయింది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు చిట్టెం ముక్కలు, పాత మూసల పెంకులు పరీక్షించి ఆ పద్ధతిని ఊహించుకోవలసి వస్తోంది. లోహాన్ని కరిగించి మళ్లీ పోయవచ్చు. చేతిలోని విద్య పోతే మళ్లీ పోయడానికి మూస లేదు.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, పిల్లవాడు ఐ.టి.ఐ.లో ఫిట్టర్ పని, పాలిటెక్నిక్‌లో లోహశాస్త్రం చదువుతానంటే చిన్నతనంగా భావించే తల్లిదండ్రులు మనలో ఇంకా ఉన్నారు. లోహాల చరిత్ర మొత్తం చేతితో పని చేస్తూ బుర్రతో ఆలోచించినవారి చరిత్ర. ఆ రెండూ కలిసి చేసే చదువును తక్కువ చదువు అనకండి. పిల్లవాడి ఇష్టం అటు ఉంటే ఆపకండి.

రెండో మాట మన భాష గురించి. మన కుటుంబాలు తరాలుగా కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా ప్రాంతాల్లో ఉన్నాయి. బడిలో పిల్లలు ఆ భాషల్లోనో, ఇంగ్లీషులోనో చదువుతారు. అది మంచిదే. కాని కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు, ఆకురాయి, బాడిస, కర్రు, చిట్టెం, మూస అన్న మాటలు తాతలతోనే పోతున్నాయి. మాట పోతే దాని వెనక ఉన్న పని కూడా మరపున పడుతుంది.

గుర్తుంచుకోవలసినవి

1. మొదటి రాగి వస్తువులు ఖనిజం కరిగించి చేసినవి కావు, సహజ రాగిని కొట్టి చేసినవి.
2. లోహం గెలిచింది గట్టిదనం వల్ల మాత్రమే కాదు. మళ్లీ కరిగించి పోసుకునే వీలు దాని అసలు బలం.
3. కంచు అంటే రాగి, తగరం. తగరం అరుదు కాబట్టి దూరదేశ వ్యాపారం పెరిగింది.
4. ఇనుప ఖనిజం అంతటా ఉంది. అందుకే ఇనుము సామాన్యుడి పనిముట్టు అయింది.
5. కరిగే వేడి: తగరం 232, రాగి 1085, ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్.

అభ్యాసం

1. 10 టన్నుల రాగిలో 1 టన్ను తగరం కలిపితే వచ్చే కంచులో తగరం ఎంత శాతం? పదిశాతం అని తొందరపడి రాయవద్దు.
2. ఒక వ్యాపారి అస్సూర్‌లో 10 షెకెళ్ల వెండితో తగరం కొని కనేష్‌లో అమ్మాడు. పై ధరల ప్రకారం ఖర్చులు తీయకముందు లాభం ఎన్ని షెకెళ్లు?
3. పురావస్తు శాస్త్రజ్ఞులు గొడ్డలి కన్నా చిట్టెం దొరికితే ఎందుకు ఎక్కువ సంతోషిస్తారు? నాలుగు వాక్యాల్లో రాయండి.
4. మీ ఇంట్లో అవ్వనో తాతయ్యనో, మీ ఊళ్లో కమ్మరినో, వడ్రంగినో అడిగి కనీసం పది పనిముట్ల తెలుగు పేర్లు, ఒక్కొక్కటి ఏ పనికి వాడతారో తెలుగులో రాయండి. పక్కన మీ రాష్ట్ర భాషలో ఆ పేరు ఏమిటో కూడా రాయండి. తెలుగు రాయడం రాని పిల్లలు చెబుతూ ఉంటే పెద్దలు రాసిపెట్టవచ్చు. కాగితాలు ట్రస్టు కార్యాలయంలో ఇవ్వండి. అన్నీ కలిపి ఒక చిన్న పట్టికగా చేసే పని నేను చూసుకుంటాను.